మన పిల్లల చదువు – సామర్థ్య విద్యావిధానము

(శ్రీకాళహస్తిలో జరిగిన వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన ఉపన్యాసపాఠము)



స్వర్ణముఖీ తీరమందలి ఈ క్షేత్రమున మన సభ జరుగుట మన భాగ్యము. ఇచటి అమ్మవారి పేరు జ్ఞానప్రసూనాంబ. ఆ తల్లి సన్నిధిని విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుట సముచితము. మఱియొక విశేషము కూడ కలదు. శ్రీ, కాళ, హస్తి యను మూడు పేరుల కలయికయే ఈ యూరి పేరని మనమందఱ మెఱుగుదుము. వానిలో మొదటిదగు 'శ్రీ' సాలెపురుగు. ఱాతిగుడి కట్టు శక్తి లేని ఆ చిన్నజీవి తన దేహమునుండి వెలువడిన దారముతోనే స్వామికి గుడి నేసి సమర్పించినదని స్థలపురాణము. నేతయే కులవృత్తిగా గల మనకు ఈ యూరి పేరులోని తొలి యక్షరముపై కొంత హక్కు కలదని చెప్పుకొన్నను తప్పులేదు. ఆ సాలీడు ఏ పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చెనని స్వామి యడుగలేదు. అది యేమి చేయగలిగెనో దానినే చూచి మెచ్చెను. నేటి మా ప్రసంగవిషయమును అదియే.

కొన్ని సంవత్సరములుగా ప్రభుత్వపత్రములందును, ఉపాధ్యాయుల సభలయందును 'సామర్థ్యాధారిత విద్య' యను మాట తఱచుగా వినబడుచున్నది. ఇది యేమి? దీనిని మనము మెచ్చవలెనా, అనుమానింపవలెనా? మన సంఘము దీనియందు చేయదగిన పని యేదైన కలదా? ఈ మూడు ప్రశ్నలకు మాకు తోచిన సమాధానములను మీ యెదుట నుంచెదము.

విషయస్వరూపము

పిల్లవాడు ఎన్నియేండ్లు బడికి పోయెను, ఎన్ని పాఠములు ముగించెను, ఎన్ని మార్కులు సంపాదించెను అను ప్రశ్నలు మనకు అలవాటైనవి. సామర్థ్యాధారిత విద్య వానికంటె ముందుగా 'వాడు ఏమి చేయగలడు?' అను ప్రశ్న వేయును. మూడవ తరగతి పిల్ల తానెన్నడు చూడని చిన్నకథను చదివి, అందేమి జరిగినదో తన మాటలలో చెప్పగలదా? అయిదవ తరగతి పిల్లవాడు అంగడిలో ఇచ్చిన నోటునకు తిరిగి రావలసిన చిల్లర ఎంతయో చూచుకొనగలడా? ఎనిమిదవ తరగతి పిల్లవాడు అప్పుపత్రము చదివి, వడ్డీ లెక్క సరియో కాదో పసిగట్టగలడా? ఇట్టివే సామర్థ్యములు. పాఠ్యపుస్తకము అక్కఱలేదని ఈ విధానము చెప్పదు. పుస్తకము సాధనమనియు, సామర్థ్యమే సాధ్యమనియు చెప్పును.

ఇందొక పొరపాటు భావమును ముందే తొలగింపవలెను. 'ఎవరికి వచ్చినది వారు నేర్చిన చాలును' అనుట ఈ విధానముగాదు. చేరవలసిన గమ్యము అందఱకు నొక్కటే. పట్టు కాలమును, కావలసిన సహాయమును మాత్రమే పిల్లను బట్టి మాఱును. నేటి బడిలో కాలము అందఱకు నొక్కటి, ఫలితము పలువిధములు. ఈ విధానమునందు ఫలితము అందఱకు నొక్కటి, కాలము పలువిధములు. భేదమంతయు ఇందే కలదు.

మగ్గములున్న యిండ్లవారికి ఇది క్రొత్త సంగతి కాదు. పిల్లకు మొదట కండెలు చుట్ట నేర్పుదుము. కండె సరిగా చుట్టనిచో నాడె యాడునపుడు దారము తెగును. కావున అది కుదురువఱకు పిల్లను మగ్గముపై కూర్చుండనీయము. పిదప పోగు లతుకుట, ఆసు పోయుట, సాదా నేత, అటుపిమ్మట అంచు, కొంగు, బుటా. ఒకరికి ఆఱునెలలలో వచ్చిన పని మఱియొకరికి సంవత్సరమునకు వచ్చును. సంవత్సరము తిరిగినదిగదా యని, రాని పనిని వదలి మీదిపనికి పంపు పెద్ద మన యిండ్లలో లేడు. ఏలయన, అట్లు పంపినచో చెడునది పట్టునూలు. బడిలో చెడునది పిల్లవాని జీవితము. అయినను అచట ఏటికొక మెట్టు చొప్పున పైకి పంపుచునే యున్నారు.

పడుగులో ఒక పోగు తెగినపుడు ఆపి అతుకక నేసినచో ఆ లోపము చీర పొడవునను గీతవలె సాగును. రెండవ తరగతిలో తీసివేత లెక్క రాని పిల్లవాడు నాలుగవ తరగతిలో భాగాహారమునందు తడబడును, ఏడవ తరగతిలో భిన్నములయందు చిక్కుపడును, పదవ తరగతిలో గణితమన్న జ్వరము తెచ్చుకొనును. తుదకు 'వీనికి లెక్కలు రావు' అని అందఱు నిశ్చయింతురు. రాకపోయినది లెక్కలన్నియు కాదు. తెగిన యొక్క పోగును సకాలమున అతికినవారు లేకపోయిరి.

ఇది మా యూహ మాత్రమే కాదు. 2024వ సంవత్సరపు 'అసర్' నివేదికను బట్టి దేశమందలి గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి వాచకమును చదువగలవారు నూటికి 23.4 మంది. అయిదవ తరగతికి వచ్చిన పిదపను ఆ రెండవ తరగతి వాచకమును చదువగలవారు నూటికి 44.8 మందియే. అదే సంవత్సరము డిసెంబరు 4వ తేదీన కేంద్రప్రభుత్వమువారు 'పరఖ్' అను సంస్థ ద్వారా 3, 6, 9 తరగతులకు దేశవ్యాప్తముగా సర్వే జరిపిరి. మూడవ తరగతిలో 99 వఱకు గల సంఖ్యలను వరుసక్రమమున అమర్పగలిగినవారు నూటికి 55 మంది యని అందు తేలినది. ఈ పిల్లలందఱు హాజరుపట్టీలో ఉన్నవారే. ఏటేట పై తరగతికి పోవుచున్నవారే.

మన జిల్లాలో వికసించిన పద్ధతి

ఈ విద్యావిధానము విదేశముల దిగుమతి యని కొందఱందురు. దీనికొక జవాబు పూర్వపు చిత్తూరు జిల్లాలోనే కలదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా యేర్పడువఱకు మన శ్రీకాళహస్తియు ఆ జిల్లాలోనిదే. మదనపల్లె సమీపమున, ఆ యూర జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు స్థాపించిన ఋషివ్యాలీ విద్యాలయము కలదు. దాని చుట్టుపట్ల పల్లెలలోని పేదపిల్లల కొఱకు ఆ సంస్థవారి గ్రామీణ విద్యాకేంద్రము చిన్న చిన్న ఏకోపాధ్యాయ పాఠశాలలను నడపసాగెను. ఆ బడులలో పద్మనాభరావు, రమ దంపతులు ఒక క్రొత్త బోధనాపద్ధతిని తీర్చిదిద్దిరి. 'పెట్టెలో బడి' యను పేర అది ప్రసిద్ధికెక్కెను.

దాని నడక యెట్టిదో వినుడు. ఒక్క గురువు, ఒక్క గది, అయిదు తరగతుల పిల్లలు. ఇట్టిచోట అందఱకు ఒకే పాఠము చెప్పుట అసాధ్యము. కావున వారు పాఠములను చిన్న చిన్న కార్డులుగా విడదీసిరి. భాషకు, గణితమునకు వేఱువేఱుగా గోడపై నొక 'అభ్యసన నిచ్చెన'ను గీసిరి. నిచ్చెనయందు కొన్ని మైలురాళ్లు. ఒక్కొక్క మైలురాయి ఒక సామర్థ్యము. ప్రతి మైలురాయికి ముందు పరిచయపు కార్డు, తరువాత అభ్యాసపు కార్డులు, పిదప 'నేర్చితివా లేదా' యని చూచుకొను కార్డు. రానిచో మఱల నేర్చుటకు కొన్ని కార్డులు, వచ్చినచో ఇంకను లోతునకు పోవుటకు కొన్ని కార్డులు. కార్డులపై బొమ్మగుర్తు లుండుటచే అక్షరము రాని పిల్లయు తన కార్డును తానే వెదకి తెచ్చుకొనును. కొందఱు గురువు చెంత, కొందఱు తోటిపిల్లల సాయమున, కొందఱు తమంత తామే పనిచేయుదురు. నాలుగు దినములు జ్వరముతో మానిన పిల్లవాడు తిరిగివచ్చినపుడు ఎచట ఆపెనో అచటనే మొదలిడును. పాఠము వానిని విడిచి ముందునకు పోయి యుండదు. పల్లెలోని కథలు, పొడుపుకథలు, పాటలు ఆ కార్డులలోని కెక్కినవి. ఆ బడులవారు 'మెట్రిక్ మేళా' యను అంగళ్లు పెట్టి, పిల్లలచేత తూకము, కొలత, బేరము, లెక్క చేయింతురు. తల్లులు వచ్చి కొనుచు, తమ బిడ్డకు లెక్క వచ్చెనో లేదో కన్నులార చూచుకొందురు. ఇంతకుమించిన ప్రగతిపత్రము మఱేమి కావలయును?

ఈ పద్ధతిని మొదట గ్రహించినది మన పొరుగువారు. మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకాలోని ఉపాధ్యాయులు ఋషివ్యాలీ బడులను చూచి పోయి, 1995లో 'నలి-కలి' యను పేర కన్నడమున ప్రారంభించిరి. క్రమముగా అది కర్ణాటక మంతటను వ్యాపించెను. మదరాసు నగరపాలక సంస్థవారు 2003లో తమ బడులలో ప్రవేశపెట్టగా, కొలది సంవత్సరములలో అది తమిళనాట ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికిని పాకెను. మన పెరటిలో పెరిగిన మొక్క నీడను పొరుగువారు ముందుగా అనుభవించిరి. ఇది నింద కొఱకు చెప్పినమాట కాదు. ఈ విధానము మన పేదపల్లెలలో సాధ్యమా యను సంశయమునకు సమాధానము మాత్రమే.

ప్రభుత్వ విధానములు

మన దేశమున ఈ భావమునకు చరిత్ర కలదు. 1937 అక్టోబరులో వార్ధాలో మహాత్మాగాంధీగారి ఆధ్వర్యవమున జరిగిన విద్యామహాసభయు, అటుపిమ్మట జాకీర్ హుస్సేన్ గారి సంఘమును చేతిపని ద్వారా విద్య గఱపవలెనని చెప్పినవి. 1990-91 ప్రాంతమున ఆర్.హెచ్. దవేగారి సంఘము ప్రాథమిక తరగతులకు 'కనీస అభ్యసన స్థాయిలు' నిర్ణయించెను. తరగతివారీగా పిల్లకు రావలసిన సామర్థ్యములను జాబితాగా వ్రాయుట అప్పుడు ఊపందుకొనెను. 2009 విద్యాహక్కు చట్టము నిరంతర సమగ్ర మూల్యాంకనమును చట్టబద్ధము చేసెను. మన రాష్ట్రమున 2011 పాఠ్యప్రణాళికా పరిధిపత్రమును అనుసరించి వచ్చిన పాఠ్యపుస్తకములలో సాధింపవలసిన సామర్థ్యములు విద్యాప్రమాణముల పేర ముద్రింపబడినవి.

2020 జూలై 29న కేంద్రమంత్రివర్గ మామోదించిన జాతీయ విద్యావిధానము, బట్టీపట్టి వ్రాయు పరీక్షలకు మాఱుగా మూలసామర్థ్యములను పరీక్షింపవలెనని స్పష్టముగా చెప్పెను. 2021 జూలై 5న మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమము, 2026-27 నాటికి మూడవ తరగతి ముగియులోపల ప్రతి పిల్లయు చదువగలిగి లెక్క చేయగలుగవలెనని లక్ష్యముంచెను. 2023 ఆగస్టులో పాఠశాల విద్యకు జాతీయ పాఠ్యప్రణాళికా పరిధిపత్రము వెలువడెను. సీబీఎస్‌ఈ బోర్డువారు తొమ్మిది, పది తరగతుల ప్రశ్నపత్రములలో నూటికి 50 వంతులు సామర్థ్యమును పరీక్షించు ప్రశ్నలు ఉండవలెనని నిర్దేశించిరి. మన రాష్ట్రమున పునాదిచదువును బాగుచేయుటకు ప్రపంచబ్యాంకు 2021లో 25 కోట్ల డాలర్ల ఋణము మంజూరుచేసెను. కావున కాగితముపై విధానమునకు కొఱత లేదు. కాగితమునుండి పిల్లవాని పలకపైకి దిగునపుడు ఏమగునో అదియే విచారణీయము.

మూడు హెచ్చరికలు

మొదటిది, బోధన మాఱకముందు పరీక్ష మార్చరాదు. మన రాష్ట్రమున 1,000 ప్రభుత్వ పాఠశాలలకు సీబీఎస్‌ఈ అనుబంధము లభించెను. పదవ తరగతి పిల్లలు ఆ పరీక్షకు కూర్చుండవలసిన కాలము సమీపింపగా, వారందులకు సిద్ధముగా లేరని తేలి, 2024లో ప్రభుత్వము వారిని రాష్ట్రబోర్డు పరీక్షకే మరల్చెను. పిల్లలను ఆపద తప్పించినందుకు సంతోషింపవచ్చును. కాని ఎనిమిది తొమ్మిదేండ్లు ఒక తీరున నేర్పి, తుది రెండేండ్లలో మఱియొక తీరున పరీక్షించుట ఎచటను ఫలింపదని ఆ యుదంతము తెలుపుచున్నది. మార్పు క్రిందితరగతి నుండి రావలెను. పరీక్ష కడపట రావలెను.

రెండవది, మూల్యాంకనము నిజాయితీగా జరుగవలెను. మన రాష్ట్రమున పదవ తరగతియందు ప్రతి విషయమునకు 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు బడిలోనే వేయు అంతర్గత మూల్యాంకనమునకు కేటాయింపబడెను. ప్రాజెక్టు పని, పుస్తక సమీక్ష, ప్రయోగము మొదలగువానిచే పిల్లవాని సామర్థ్యమును గుర్తించుట దాని యుద్దేశము. ఉద్దేశము ఉత్తమము. కాని చేసినవానికిని చేయనివానికిని ఒక్కరీతి నిండుమార్కులు వేయుట పరిపాటియై, ఆ మార్కులకు విలువ లేకపోయెను. తుదకు 2019లో ప్రభుత్వము వానిని తీసివేసెను. ఒక మంచి విధానము అబద్ధపు మార్కులచేత చచ్చెను. మూల్యాంకనమునందు మొగమాటము ప్రవేశించిననాడు పరీక్షాపత్రమే మేలని లోకమనును. పేదపిల్లకు సిఫారసు చేయువారుండరు. కావున మూల్యాంకనము చెడినచో ముందుగా నష్టపోవునది పేదపిల్లయే.

మూడవది, గురువునకు తీఱిక కావలెను. ప్రతి పిల్లయు ఏ మెట్టుపై నున్నదో గుర్తించుట కష్టమైన పని. దానికి మాఱుగా నమోదుపత్రములు నింపుట, యాప్‌లలో వివరము లెక్కించుట పెరిగినచో, పిల్ల ముఖము చూచుటకు గురువునకు వేళ మిగులదు. రికార్డు నిండి తరగతి శూన్యమగును.

ఇచట తరగతి నిలుపుదలను గూర్చియు నొక్కమాట చెప్పవలెను. 2009 చట్టము ఎనిమిదవ తరగతివఱకు ఎవరిని తప్పింపరాదనెను. 2019 సవరణ అయిదు, ఎనిమిది తరగతులలో నిలుపుటకు రాష్ట్రములకు వీలు కల్పించెను. 2024 డిసెంబరులో కేంద్రప్రభుత్వము తన యధీనమందలి పాఠశాలలలో ఆ రెండు తరగతులకు పరీక్షయు, తప్పినవారికి రెండునెలలలో పునఃపరీక్షయు, అప్పటికిని తప్పినచో నిలుపుదలయు విధించెను. మా యభిప్రాయమున, రానివానిని పైకి తోయుటయు మందుకాదు, అదే పాఠమును అదే తీరున మఱియొక యేడు వినిపించుటయు మందుకాదు. తెగిన పోగును వెదకి అతుకుటయే మందు. ఆ రెండునెలలలో పిల్లకు ఎవరు, ఏమి, ఎట్లు నేర్పుదురు అన్నదే అసలు ప్రశ్న.

కులవృత్తియు చదువును

ఇక మన పెద్దలలో పలువురి మనస్సున నున్న భయమును దాచక చెప్పెదము. 'సామర్థ్యమనియు, చేతిపనియనియు చెప్పి మన పిల్లలను మఱల మగ్గపు గుంటలోనికి దింపుదురా?' అని వారి సంశయము. ఈ భయము నిర్హేతుకము కాదు. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజగోపాలాచారిగారు గ్రామ ప్రాథమిక పాఠశాలలకు ఒక పథకము తెచ్చిరి. పిల్లలు దినమునకు మూడు గంటలు బడిలో చదువుకొని, మిగిలిన పూట తలిదండ్రుల వృత్తి నేర్చుకొనవలెనని అందలి యేర్పాటు. ఆ వేసవి తరువాత అది యమలులోనికి వచ్చునప్పటికి మన జిల్లాయు ఆ రాష్ట్రములోనిదే. కమ్మరి కొడుకు కమ్మరిగా, చాకలి బిడ్డ చాకలిగా మిగులవలెనా యని ప్రజలు తిరుగబడి, దానికి 'కులవిద్య' యని పేరిడిరి. కామరాజుగారు ముఖ్యమంత్రియైన పిదప 1954లో అది రద్దయ్యెను. ఆనాటి పట్టుదల ఎందఱో వృత్తికులముల పిల్లలను బడిలో నిలిపినది. దానిని మనము మఱవరాదు.

కాని చేతిపనిని అందఱు పిల్లలకు నేర్పుట వేఱు, కులమును బట్టి పిల్లకు పని నిర్ణయించుట వేఱు. 2020 విధానము ఆఱు మొదలు ఎనిమిది తరగతులవారికి పుస్తకసంచి లేని పది దినములు నిర్ణయించి, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు మున్నగు స్థానిక నిపుణులయొద్ద పని చూచి నేర్వవలెనని చెప్పెను. ఆ పది దినములలో వైద్యుని బిడ్డ మగ్గముపై కూర్చుండవలెను, మన బిడ్డ వైద్యశాలలో ప్రయోగశాల చూడవలెను. అట్లైనచో అది విద్య. మన బిడ్డనే మగ్గముకడకు పంపినచో అది 1953 నాటి పథకమే. ఈ గీతను మన సంఘము గట్టిగా గీయవలెను.

ఈ యూరి కలంకారీయే ఇందులకు తార్కాణము. కరక్కాయ రసములోను పాలలోను బట్టను నానవేయుట మొదలు, చింతబొగ్గుతో రేఖలు గీయుట, ఇనుము బెల్లము పులియబెట్టిన నల్లని కసిమితో గీటులు దిద్దుట, పటిక పూయుట, ఏటినీట ఉతుకుట వఱకు అది యెంతటి రసాయనశాస్త్రమో చూడుడు. ఇరువదవ శతాబ్దమున క్షీణించిన ఆ కళకు 1957లో ఇచట శిక్షణకేంద్రము ఏర్పడుటచే మఱల ప్రాణము వచ్చెను. కొన్ని కుటుంబముల యందే నిలిచిన విద్య నేర్చినవారి సొత్తాయెను. 2005లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపును, 2008లో జొన్నలగడ్డ గురప్పచెట్టిగారికి పద్మశ్రీ పురస్కారమును లభించెను. పటిక రంగును బట్టకు ఎట్లు పట్టించునో ఈ యూరి పిల్లలందఱకు బడి నేర్పగలిగినచో, రసాయనశాస్త్ర పాఠము పుస్తకమునుండి లేచి వచ్చును. అట్లే వేంకటగిరియందలి ప్రగడ కోటయ్యగారి పేరిటి చేనేత సాంకేతిక విద్యాసంస్థకు పోవు పిల్లకు, మగ్గము తెలిసినంత మాత్రమున చాలదు. గణితము కావలెను, భాష కావలెను. చేతిలోని నైపుణ్యమునకు తలలోని శాస్త్రము తోడైనపుడే మన పిల్ల కూలి నేతగాడుగా గాక, ఇంజనీరుగానో, రూపకల్పకుడుగానో, తనకిష్టమైనచో మఱి యేదైన వృత్తిలోనో నిలువగలుగును. ఎంపిక పిల్లది కావలెను.

సంఘము చేయదగిన పనులు

ఉపన్యాసమునకు కార్యము తోడుకానిచో అది వట్టి శబ్దము. కావున అయిదు పనులు సభవారి ముందుంచుచున్నాము.

1. ప్రతి గ్రామశాఖయు ఆఱునెలల కొకమాఱు ఒక ఆదివారమున మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలను పిలిచి, వారు చూడని చిన్నకథ నొకదానిని చదివించి, ఒక తీసివేత, ఒక భాగాహారము చేయించి చూడవలెను. మార్కులు ప్రకటింపరాదు, పిల్లను నలుగురిలో చిన్నబుచ్చరాదు. రాని సంగతిని తలిదండ్రులకు మాత్రము తెలిపి, దినమున కొక గంట సాయంతరపు బోధన ఏర్పాటు చేయవలెను. మన యువకులు, యువతులు బోధింతురు. వారికి చిన్న పారితోషికమును పోషకులు భరింతురుగాక.

2. కులసంఘములు పదవ తరగతియందు, ఇంటర్మీడియేటునందు అధికమార్కులు తెచ్చినవారికి పతకములిచ్చుట చిరకాలాచారము. దానిని మానవలెనని మేమనము. దాని ప్రక్కన మఱి రెండు బహుమానములు నెలకొల్పవలెను. ఒకటి, చూచినదానిని చక్కగా వ్రాయుట, లెక్కపద్దు దిద్దుట, ప్రయోగము చేసి చూపుట వంటి సామర్థ్యమును సభాముఖమున చూపిన పిల్లకు. రెండవది, సంవత్సరారంభమున వెనుకబడి, సంవత్సరాంతమునకు అందఱికంటె ఎక్కువ మెట్లు ఎక్కిన పిల్లకు. మొదటివాడుగా వచ్చినవానికి లోకము ఎట్లును పూలమాల వేయును. క్రిందినుండి లేచినవానికి కులము వేయవలెను.

3. విద్యాహక్కు చట్టమును బట్టి పాఠశాల యాజమాన్యసంఘమున నాలుగింట మూడువంతులు తలిదండ్రులే యుండవలెను, సభ్యులలో సగము స్త్రీలు కావలెను. మన తలిదండ్రులు అందు సభ్యులై సంతకములు చేసి వచ్చుటతో సరిపెట్టుకొనక, 'మా తరగతిలో చదువరాని పిల్ల లెందఱు? వారికేమి చేయుచున్నారు?' అను రెండు ప్రశ్నలు ప్రతి సమావేశమున నడుగవలెను. గురువును తప్పుపట్టుటకై కాదు, తోడ్పడుటకై యడుగవలెను. పిల్లవానికి రానిదానిని దాచక చెప్పిన గురువును మన సంఘము సత్కరింపవలెను. అట్టివారు అరుదు.

4. ఇది మా సోదరీమణులతో ప్రత్యేకముగా మనవి చేయుమాట. బడి విడిచి వచ్చిన ఆడపిల్ల సాయంకాలమంతయు కండెలు చుట్టుచుండును. తమ్ముడు పుస్తకము పట్టుకొనును. 2016లో బాలకార్మిక చట్టమునకు జరిగిన సవరణ, బడి వేళల తరువాత ఇంటివృత్తిలో పిల్లలు సాయపడుటకు అనుమతి నిచ్చుచున్నది. చట్టము అనుమతించినంత మాత్రమున ధర్మము కానేరదు. పిల్ల ధారాళముగా చదువగలుగువఱకు ఆ సాయంతరపు గంట ఆమె పుస్తకమునకే విడువుడు. ఒక గంట కండెల కూలి పోవుట పేద కుటుంబమునకు చిన్న నష్టము కాదని యెఱుగుదుము. అట్టి కుటుంబములకు నెలకింత యని తోడ్పడు నిధిని పోషకులు ఏర్పఱచిరేని, నూఱు పతకములకంటె అది మేలు.

5. ప్రభుత్వమునకు మహాసభ పక్షమున వినతిపత్ర మొకటి పంపవలెను. ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిన పిదపనే పరీక్షావిధానము మార్చవలెననియు, నమోదుపత్రముల భారము తగ్గింపవలెననియు, ఏకోపాధ్యాయ పాఠశాలలకు ఋషివ్యాలీ పద్ధతి కార్డులవంటి సాధనములను తెలుగున సమకూర్పవలెననియు, చేతిపని బోధన ఏ బడిలోను కులమును బట్టి జరుగరాదనియు అందు కోరవలెను.

మహాశయులారా! 'ఇన్ని పథకములు వచ్చినవి, పోయినవి, ఇదియు నంతే' యని కొందఱు నిట్టూర్తురు. పథకము పోవచ్చును. మంత్రులు మాఱవచ్చును. పథకమునకు పేరు మాఱవచ్చును. కాని మన యింటి పిల్లను దగ్గఱ కూర్చుండబెట్టుకొని, 'ఈ నాలుగు పంక్తులు చదువుము తల్లీ' యని యడుగుటకు ఏ ప్రభుత్వపు టుత్తరువును అక్కఱలేదు. ఆ పిల్ల చదివినచో సంతోషింతము. చదువలేకపోయినచో కోపింపక, పోగు ఎచట తెగెనో చూతము. ఈ సంవత్సరమున మన సంఘమునకు చెందిన ఏ గ్రామమునందును అయిదవ తరగతి దాటిన పిల్ల యెవరును చదువరాని స్థితిలో ఉండరాదని ఈ మహాసభ తీర్మానించుగాక. వచ్చు మహాసభనాటికి ఏ గ్రామశాఖ యెంతవఱకు నెఱవేర్చెనో లెక్క చెప్పుకొందుముగాక.

జ్ఞానప్రసూనాంబ మన పిల్లలందఱకు చూచునేత్రమును, చేయుహస్తమును ప్రసాదించుగాక యని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాము.